రెండు సాక్ష్యాల మధ్య

మా సంఘంలో నేను రెండుసార్లు నిలబడి సాక్ష్యం చెప్పాను. మొదటిసారి నిజమనుకుని చెప్పాను. రెండోసారి నిజమని తెలిసి చెప్పాను. ఈ రెంటికీ మధ్య ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలలూ దాటి బతుకుతానని మా ఆయన సామేలు గారూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. ఇప్పుడు రాస్తుంటే అక్షరాలు వరసలోనే పడుతున్నాయి, అది చాలు. ఇంట్లో బియ్యం డబ్బాలో మాత్రలు దాచుకుని బతికేవాళ్లు ఎవరైనా చదువుతారేమోనని రాస్తున్నాను.

నేను సంఘం తరఫున ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించే మనిషిని. చదువు రానివాళ్లకు అక్షరాలు కూడా దిద్దిస్తాను. మా ఆయన కాలవ లాకుల దగ్గర లస్కరు. తలుపులు ఎత్తడం, దించడం, గట్టు కాయడం ఆయన పని. మా ఇల్లు ఆ గట్టు మీదే. నాకు ఆరేళ్ల కిందట జబ్బు చేసింది. ఎవరూ లేనిచోట మాటలు వినపడేవి. వారానికొకసారి, బుధవారం నాడు, గుడివాడ వచ్చే నరాల డాక్టరు గారు గోధుమరంగు మాత్ర ఇచ్చారు. అది వేసుకున్నాక మాటలు ఆగాయి. అయిదేళ్లు అలాగే గడిచాయి. 1977 నవంబరు ఉప్పెన నాడు కూడా ఆ మాత్రల సీసా నా చీర కొంగులోనే ఉంది. ఆ సంగతి సంఘంలో ఎప్పుడూ చెప్పలేదు. మిగతావన్నీ చెప్పాను.

ఇక్కడ మా సంఘపు పద్ధతి ఒకటి చెప్పాలి. ఆదివారం పాటలయ్యాక, ప్రసంగానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తనకు చేసిన మేలు చెప్పదలచినవాళ్లు లేచి చెబుతారు. ముగించగానే అందరూ ఒక్కసారిగా "స్తోత్రం" అంటారు. ఆ ఒక్క మాటతో అది ఆ మనిషి మాటగా ఉండదు, సంఘం మాట అయిపోతుంది. ఉప్పెన తర్వాత మా దివిసీమలో ఈ సమయం బాగా పెరిగింది. తాటిచెట్టు పట్టుకుని బతికినవాళ్లు, ఇంటి కప్పు మీద కొట్టుకొచ్చి గట్టెక్కినవాళ్లు చెబుతుంటే, తనవాళ్లని పోగొట్టుకున్నవాళ్లు కళ్లు మూసుకుని వినేవాళ్లు. ప్రతి ఆదివారం ఒక మేలు వినకపోతే ఆ వారం గడవదు అన్నట్టుండేది మా పరిస్థితి.

1978 జూన్ నెలాఖరు. కాలవలకు నీళ్లు వదిలే రోజులు. నేను పొద్దున్నే గట్టు మీద నడిచి వెళ్తుంటే గుండె ఒక్కసారిగా తప్పటడుగు వేసింది. మెట్టు ఉందనుకుని కాలు పెడితే లేకపోయినట్టు. మళ్లీ రెండు మూడుసార్లు అలాగే. తర్వాత ఏమీ తెలియదు. కళ్లు తెరిచేసరికి ముఖమంతా బురద, మా ఆయన నా తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్నారు. మగవాళ్లు ఏడిస్తే ఎలా ఉంటుందో నేను ఉప్పెనలో చూశాను. ఆయన మాత్రం అప్పుడు కూడా ఏడవలేదు.

చల్లపల్లి మీదుగా బందరు వెళ్లాం. పెద్దాసుపత్రి వరండాలో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. లోపల బల్ల మీద పడుకోబెట్టి రొమ్ము మీద చల్లగా ఏవో అంటించి, పొడుగాటి కాగితం మీద గుండె గీతలు తీశారు. డాక్టరు గారు ఆ కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశారు. నేను వేసుకునే మాత్ర ఏదని అడిగారు. చెప్పాను.

"ఇది ఇవాళ్టి నుంచే ఆపెయ్యాలమ్మా. గుండెని పట్టుకుంది. నిద్రలోనే ఆగిపోయినా ఆగిపోవచ్చు," అన్నారు. తర్వాత ఒక చీటీ రాసిచ్చి, బుధవారం గుడివాడలో ఆ డాక్టరు గారికి చూపించండి, దీని బదులు వేరే మాత్ర మొదలుపెడతారు, మందు లేకుండా మాత్రం ఉండకూడదు, అని చెప్పారు. రెండు మాటలు చెప్పారాయన. రెండూ విన్నాను.

బుధవారానికి ఇంకా ఆరు రోజులుంది. ఆ ఆరు రోజులూ నేను మాత్ర లేకుండా ఉన్నాను. ఏ మాటా వినపడలేదు. పైగా తల తేలిగ్గా ఉంది. అయిదేళ్లుగా కళ్ల ముందున్న పల్చటి తెర ఏదో తీసేసినట్టు, కాలవ నీళ్ల మీద వెలుగు కూడా కొత్తగా కనపడింది. పాత మందు ఇంకా ఒంట్లోనే ఉండి కాపాడుతోందని నాకు అప్పుడు తెలియదు.

శనివారం మా సంఘపెద్ద ప్రకాశరావు గారు వచ్చారు. ఆయన పాతకాలపు పంతులు గారు, నాకు చిన్నప్పుడు వాక్యాలు కంఠతా పట్టించింది ఆయనే. ఆయన కూతురు రాణి రెండేళ్లుగా గుడికి రావడం లేదు. ఒంట్లో బాగోలేదని చెప్పేవారు, అంతకు మించి ఎవరూ అడిగేవాళ్లం కాదు. నా సంగతంతా వినేసరికి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అమ్మాయ్ కరుణా, అయిదేళ్లుగా నువ్వు వదల్లేకపోయిందాన్ని దేవుడే డాక్టరు చేత మాన్పించాడు. వదిలి మూడు రోజులైంది, నీకేమన్నా అయిందా? లేదుగా. ఇది దాచిపెట్టుకునే మేలు కాదమ్మా."

మా ఆయన వాకిట్లో నిలబడి, "బుధవారం గుడివాడ రమ్మన్నారండీ," అన్నారు మెల్లగా. ప్రకాశరావు గారు విననట్టే ఊరుకున్నారు. నేనూ విననట్టే ఊరుకున్నాను.

మర్నాడు నేను లేచి నిలబడ్డాను. అయిదేళ్లు మాత్రలకు బానిసగా ఉన్నానని, ప్రభువు నన్ను విడిపించాడని చెప్పాను. ఆడవాళ్ల వైపు ఏడుపులు వినపడ్డాయి. "స్తోత్రం" అన్న మాట రేకుల కప్పుకి తగిలి తిరిగొచ్చినట్టయింది. ప్రకాశరావు గారు మోకాళ్ల మీద పడ్డారు. ఆ క్షణంలో నేను ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పకపోతే ఇది కూడా అబద్ధమే అవుతుంది.

బుధవారం మా ఆయన చొక్కా వేసుకుని సిద్ధంగా కూర్చున్నారు. నేను కదల్లేదు.

"సంఘమంతటి ముందు చెప్పి, మూడు రోజులకే గుడివాడ బస్సెక్కితే ఎలాగండీ? దేవుడి మాట ఏమవుతుంది?"

"అది దేవుడి మాటా? నువ్వన్న మాటా?" అన్నారాయన. నాకు కోపం వచ్చింది. విశ్వాసం లేదన్నాను. ఆయన చొక్కా విప్పి కొయ్యకు తగిలించి లాకుల దగ్గరికి వెళ్లిపోయారు. మళ్లీ బుధవారం చొక్కా వేసుకున్నారు. ఆ పై బుధవారం కూడా.

ఆగస్టు వచ్చేసరికి నాకు నిద్ర కరువైంది. తర్వాత అన్నం సహించలేదు. ఆ తర్వాత మాట మొదలైంది. మొదట నా వెనక ఎవరో గొంతు సవరించుకున్నట్టు, తర్వాత స్పష్టంగా. ఈసారి అది లేఖనంతోనే వచ్చింది. నేను కంఠతా పట్టిన వాక్యాలే నాకు చెప్పేది. అందుకే దాన్ని కాదనలేకపోయాను. ఒక్క సంగతి మాత్రం ఇప్పుడు తెలుస్తోంది. అది ఏ వాక్యమూ చివరిదాకా చెప్పేది కాదు. సగం చెప్పి ఊరుకునేది. నీళ్ల మీద నడిచిన శిష్యుడి సంగతి రోజుకు వందసార్లు చెప్పింది. అతను పడవ దిగాడు, నడిచాడు. అక్కడితో ఆపేసేది.

ఉప్పెనలో పోయిన మా సంఘస్థులు సముద్రం ఒడ్డున నిలబడి ఎదురుచూస్తున్నారని, పేరు పెట్టి పిలిస్తే వస్తారని, పిలవాల్సింది నేనేనని అది చెప్పింది. ఒకరోజు తెల్లవారగానే, మా ఆయన తలుపులు ఎత్తడానికి వెళ్లిన సమయంలో, హంసలదీవి దారి పట్టాను. ఎంతసేపు నడిచానో తెలియదు. మడచెట్ల మధ్య బురదలో చెప్పులు పోయాయి. ఏరు సముద్రంలో కలిసేచోట నీళ్లలోకి దిగాను. పేర్లు పిలుస్తున్నాను. మోకాళ్లు మునిగాయి, నడుము మునిగింది. కాళ్ల కింద ఇసుక జారిపోతోంది. గుండె మళ్లీ గతి తప్పింది.

అప్పుడు ఆ వాక్యంలో మిగతా సగం నాకు గుర్తొచ్చింది. అతను గాలిని చూసి భయపడ్డాడు, మునిగిపోబోతూ కేక వేశాడు. ప్రకాశరావు గారు నాకు పదేళ్లప్పుడు బెత్తం పట్టుకుని చివరిదాకా అప్పజెప్పించిన వాక్యం అది. నేనూ కేక వేశాను. పేర్లు కాదు. రక్షించమని.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక జాలరి ఆవిడ పరుగెత్తుకొచ్చి నా జుట్టు పట్టుకుని లాగింది. "మతి ఉందా నీకు? ఆటు మీదుంది నీరు, లాక్కుపోద్ది," అని తిట్టింది. మతి లేదని చెప్పాను. ఆవిడ మరేమీ అడగలేదు. తన పొడి చీర కట్టబెట్టి, సత్తు గిన్నెతో గంజి తాగించి, మా ఆయన వెతుక్కుంటూ వచ్చేదాకా నా చెయ్యి వదలకుండా కూర్చుంది. ఆవిడ పేరు కూడా అడగలేకపోయాను.

ఆ వచ్చే బుధవారం గుడివాడ వెళ్లాం. బస్సులో మా ఆయన తన కండువా ఒక కొస నా మణికట్టుకి, రెండో కొస తన మణికట్టుకి కట్టుకున్నారు. బస్సంతా చూసింది. ఎక్కడి మనిషో ఒకావిడ, "దొంగతనం చేసిందా ఏంటి?" అని అడిగింది. "లేదమ్మా, పెళ్లప్పుడు వేసిన ముడి కాస్త వదులైంది, బిగించుకున్నాం," అన్నారాయన. ఆ స్థితిలో కూడా నాకు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది.

డాక్టరు గారు బందరు చీటీ మీద తేదీ చూశారు, నా వంక చూశారు, కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది. తెల్ల మాత్ర మొదలుపెట్టారు. నెలకొకసారి బందరులో గుండె గీతలు తీయించమన్నారు.

తెల్ల మాత్రకు మాట సన్నగిల్లింది. గుండె మాత్రం పరుగు పెట్టేది, మధ్యలో ఉన్నట్టుండి ఆగి మళ్లీ మొదలయ్యేది. దానికి తోడు కాళ్లలో చీమలు పాకినట్టుండి ఒకచోట కూర్చోలేకపోయేదాన్ని. పొద్దస్తమానం గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగేదాన్ని. "నువ్విలా తిరిగితే గట్టు అరిగి గండి పడుద్ది, నా ఉద్యోగం ఊడుద్ది," అనేవారు మా ఆయన. అని, తనూ పక్కన నడిచేవారు. గుడికి వెళ్లడం మానేశాను. సాక్ష్యం చెప్పినావిడ మళ్లీ గుడివాడ తిరుగుతోందట అన్న మాట మోపిదేవి సంతదాకా పాకింది. నా దగ్గర అక్షరాలు దిద్దే ఆడవాళ్లు కూడా రావడం మానేశారు. ప్రకాశరావు గారు మా గట్టు వైపు రానేలేదు.

నవంబరులో తీసిన గీతలు బాగాలేవన్నారు. ఆ మాత్ర ఆపేశారు. మళ్లీ కొన్ని రోజులు ఏదీ లేదు, మళ్లీ మాట దగ్గరపడింది. తర్వాత మూడోది, చిన్న మాత్ర, అందులో సగంతో మొదలు. ఇది కూడా గుండెకు పడకపోతే ఏంటని అడిగాను. గుడివాడ డాక్టరు గారు కలం మూత పెట్టి తీసి, పెట్టి తీసి, "చూద్దామమ్మా," అన్నారు. నాకు అర్థమైంది. మనసు కావాలంటే గుండె ఇవ్వాలి. గుండె కావాలంటే మనసు ఇవ్వాలి. ఆ రోజుల్లో నేను చేసిన ప్రార్థన ఇక్కడ రాయలేను. ప్రార్థన అంటే అడగడం కదా, నేను ఏమీ అడగలేదు. ఎందుకు పుట్టించావని నిలదీశాను. తర్వాత అది కూడా మానేశాను. అయిదు వారాలు నోట ఒక్క వాక్యం రాలేదు. వాక్యం ఎత్తితే ఆ గొంతు మధ్యలో దూరి సగంలో ఆపేస్తుందేమోనని భయం.

1979 జనవరి చివర్లో మళ్లీ బందరు. చిన్న మాత్ర నా గుండెని ఏం చేసిందో తెలిసే రోజు. మా ఆయన సెలవు దొరక్క ఆఫీసు పని మీదే బందరు వచ్చారు; నన్ను వరండాలో కూర్చోబెట్టి, సాయంత్రానికి వస్తానని ఇంజనీరు ఆఫీసుకి వెళ్లారు. గీతలు తీసేశారు, డాక్టరు గారు చూసి పిలవాలి. నేను కూర్చోలేక వరండాలో తిరుగుతున్నాను. బల్ల మీద ఒక ముసలి ముస్లిం ఆవిడ ఉంది. జైనబీ అని తర్వాత చెప్పింది. భర్తను లోపల చేర్చారట. నన్ను కాసేపు చూసి లేచి వచ్చింది.

"కూర్చోలేకపోతున్నావా అమ్మా? పద, నాకూ కాళ్లు పట్టేశాయి," అని నా పక్కన నడవడం మొదలుపెట్టింది. ఆవిడకి మోకాళ్ల నొప్పి, కుంటుతోంది. అయినా నడిచింది. నడుస్తూనే నా చేత అంతా చెప్పించింది. మధ్యలో మాత్ర వేళయింది. నేను గోడ వైపు తిరిగి, కొంగు అడ్డం పెట్టుకుని మింగబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"దొంగసొమ్ములా మింగుతావేంటమ్మా? నేను గుక్కెడు మంచినీళ్లు కూడా దేవుడి పేరు చెప్పుకోకుండా తాగను. మీరు అన్నం ముందు చెప్పుకోరా?"

చెప్పుకుంటామన్నాను. ఎండుమిరపకాయ, పచ్చడి ముద్ద కూడా కృతజ్ఞత చెప్పకుండా మా ఇంట్లో ఎవరూ ముట్టం. అయిదేళ్లలో మాత్ర ముందు ఒక్కసారి కూడా చెప్పలేదు. బియ్యం డబ్బాలో దాచాను, గోడకు తిరిగి మింగాను, విడిపించమని అడిగాను. ఇచ్చావని అనలేదు.

ఆవిడ నీళ్ల చెంబు పట్టుకుని నిలబడింది. నేను కళ్లు మూసుకుని, అయిదు వారాల తర్వాత, ఒక వాక్యం ఎత్తాను. గొంతు ఏదీ మధ్యలో దూరలేదు. చివరిదాకా చెప్పాను. మాత్ర వేసుకున్నాను. అప్పటికింకా డాక్టరు గారు పిలవలేదు. గీతలు ఎలా ఉన్నాయో నాకు తెలియదు. ఆ సంగతి గుర్తు పెట్టుకోమని చదివేవాళ్లను అడుగుతున్నాను.

సాయంత్రం ముందర పిలిచారు. గీతలు మునుపటిలా లేవు, అలాగని పూర్తిగా తిన్నగానూ లేవు. ఈ మాత్ర వాడొచ్చు, కానీ పెంచకూడదు, నెలనెలా రావాలి, అన్నారు. బయటికి వచ్చి చూస్తే బల్ల ఖాళీగా ఉంది. లోపల ఎవరికో ప్రాణం మీదికొచ్చి ఆవిడని పిలిచారని తుడిచే ఆవిడ చెప్పింది. ఎవరికని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ భయం నన్ను ఇప్పటికీ సిగ్గుపరుస్తుంది.

మార్చిలో ఒక ఆదివారం గుడికి వెళ్లాను. వెనక, తలుపు పక్కన చాప చివర కూర్చున్నాను. కాళ్లు ఆగకపోతే లేచి బయట తిరగొచ్చని. పాటలయ్యాయి. సాక్ష్యాలన్నారు. లేచాను. తలలన్నీ తిరిగాయి. నాలుక మందంగా ఉంది, మాట మెల్లగా వచ్చింది.

"జులైలో నేను మీకు ఒక సాక్ష్యం చెప్పాను. డాక్టరు గారు రెండు మాటలు చెప్పారు. గుండె కోసం పాత మాత్ర ఆపమన్నారు, మనసు కోసం కొత్తది వెయ్యమన్నారు. నేను మీకు మొదటిదే చెప్పి రెండోది దాచాను. దేవుడి మేలుని సగం చెప్పాను. ఆ సగమే నన్ను హంసలదీవిలో నీళ్లలోకి దింపింది. ఇప్పుడు మాత్ర వేసుకుంటున్నాను. రేపూ వేసుకుంటాను. అన్నానికి చెప్పినట్టే దానికీ కృతజ్ఞత చెప్పి వేసుకుంటున్నాను. గుండె ఇంకా బాగుపడలేదు. ఎన్నాళ్లుంటానో తెలియదు. ఇదే నా సాక్ష్యం."

ముగించాను. ఎవరూ స్తోత్రం అనలేదు. ప్రకాశరావు గారు తల వంచుకుని తన చేతుల వంక చూసుకుంటున్నారు. కాళ్లలో చీమలు మొదలయ్యాయి. ఇక బయటికి వెళ్లిపోదామని తలుపు వైపు తిరిగాను.

మగవాళ్ల వైపు నుంచి ఒక్క గొంతు, "స్తోత్రం" అంది. ఆ గొంతు గుడిలో ఎప్పుడూ వినపడలేదు. పాటలకు కూడా పెదవులు మాత్రమే కదిపే మనిషి ఆయన. మా ఆయన లేచి నిలబడి ఉన్నారు, కండువా రెండు చేతులతో పట్టుకుని. ఆ మాట ఆయన ఒక్కరే అన్నారు. తర్వాత ఎవరూ అందుకోలేదు. పాస్టరు అయ్యగారు గొంతు సవరించుకుని ప్రసంగం మొదలుపెట్టారు.

సోమవారం పొద్దున్న నేను గట్టు మీద తిరుగుతున్నాను. ఎదురుగా ప్రకాశరావు గారు, ఎండ లేకపోయినా గొడుగు వేసుకుని వస్తున్నారు. దగ్గరికి వచ్చి ఆగారు. కాలవ వంక చూశారు, లాకుల వంక చూశారు. నా ముఖం మాత్రం చూడలేదు.

"రాణి మూడు రోజులుగా అన్నం ముట్టడం లేదమ్మా," అన్నారు. "అందులో ఏదో ఉందంటోంది. ఎవరో చెబుతున్నారంట."

ఆయన గొడుగు ముడిచారు.

"ఆ డాక్టరు గుడివాడకి ఏ రోజు వస్తారు?"

"బుధవారమండీ," అన్నాను. "పొద్దున్న ఆరింటి బస్సుకి వెళ్తే అందుతారు. మేమూ వస్తాం."